చియాతురా వెళ్లాలా, అలావెర్ది వెళ్లాలా?

జార్జియా రాజధాని త్బిలిసిలో చదివే మనోళ్లు లీవ్ దొరికితే అడిగేది ఇదే, రెండూ గని ఊళ్లే కదా ఏది చూడాలి అని.

చియాతురా జార్జియాలోనే, మాంగనీస్ ఊరు, 20వ శతాబ్దం మొదట్లో ప్రపంచ మాంగనీస్‌లో దాదాపు సగం ఇక్కడిదే. అలావెర్ది ఆర్మేనియాలో, రాగి ఊరు.

ఖర్చు: చియాతురా తక్కువ. అలావెర్దికి బోర్డర్ దాటాలి, వీసా సంగతి ముందే చూస్కోండి.

చూడటానికి: చియాతురాలో 1954 నుంచి కార్మికుల్ని కొండెక్కించిన పాత రోప్‌వేలు 2021లో ఆగిపోయాయి, ఇప్పుడు కొత్తవి తిరుగుతున్నాయి, సేఫ్టీకి మంచిదే కానీ పాత క్యాబిన్లని కనీసం మ్యూజియంలా అయినా కాపాడాలి అని నేను గట్టిగా అంటా. అలావెర్ది పక్కనే సనాహిన్ మఠం, యునెస్కో లిస్టులో ఉంది.

గొడవలు: 1905లో స్టాలిన్ చియాతురా కార్మికుల్ని కూడగట్టాడు, ఆ పేరు ఈరోజుకీ జార్జియాని చీలుస్తుంది. అంతకన్నా పచ్చి గాయం పక్కనున్న షుక్రుతి ఊరిది, గని తవ్వకాలకి ఇళ్లు బీటలిచ్చి 2024లో ఊరోళ్లు పార్లమెంట్ ముందు నోళ్లు కుట్టుకుని మరీ నిరాహార దీక్ష చేశారు. సనాహిన్‌లో మికోయాన్ అన్నదమ్ముల మ్యూజియం ఉంది, తమ్ముడు ఆర్తెమ్ మన ఎయిర్‌ఫోర్స్ దశాబ్దాలు నడిపిన మిగ్‌ల డిజైనర్, అన్న అనస్తాస్ సోవియట్ పెద్ద నాయకుడు, స్టాలిన్ కాలపు అణచివేతలో భాగస్వామి, అందుకే 2014లో ఆర్మేనియా రాజధాని యెరెవాన్‌లో ఆయన విగ్రహం అనగానే పెద్ద రగడ అయింది.

కార్మికుల చరిత్ర కావాలంటే చియాతురా. పాత మఠాలు, విమానాల పిచ్చి ఉంటే, వీసా చేతిలో ఉంటే అలావెర్ది. ఒక్కరోజే ఉంటే మాత్రం చియాతురాకి తెల్లారకముందే బయల్దేరండి, దారి దూరం.