టోపీ దగ్గర ఆగిపోయాను

మొక్కపాటి నరసింహశాస్త్రిగారి హాస్యనవల 'బారిస్టర్ పార్వతీశం' గురించి కొత్తగా చెప్పేదేముంది! మొగల్తూరు కుర్రాడు, పిలక, ట్రంకుపెట్టె, పందుంపుల్లలు, సీమ ప్రయాణం, అదే ఇంగ్లండుకి. నా దగ్గరున్న కాపీకి పాతికేళ్ళు. అట్ట ఊడితే రెండుసార్లు అతికించాను. ఎవరింట్లో శుభకార్యమైనా "కడుపు చెక్కలవుతుంది, చదవండి" అని ఇదే కొనిచ్చేవాణ్ణి. ఆ మాట వెనక్కి తీసుకోను గానీ, నాలుగోసారి చదివాక మునుపటంత ధీమాగా అనలేను.

మొదటి భాగం 1924లో వచ్చింది. నూరేళ్ళయింది కదా అని మళ్ళీ తీశాను. పార్వతీశం నిడదవోలు చేరేదాకా మామూలే, నవ్వుతూనే ఉన్నాను. తర్వాత టోపీ వచ్చింది. అది ఆడవాళ్ళ టోపీ అని పాపం అతనికి తెలియదు. దర్జాగా పెట్టుకుంటాడు. జనం నవ్వుతారు. ఎందుకో అతనికి అంతుపట్టదు. పదో తరగతిలో లైబ్రరీ కాపీలో ఈ ఘట్టం చదివి పొట్ట పట్టుకుని దొర్లాను. ఈసారి పేజీ తిప్పలేకపోయాను.

నాన్న గుర్తొచ్చారు. మొదటిసారి డాలస్ వచ్చినప్పుడు ఆయన విమానంలో ఏమీ తినలేదు. భోజనం ట్రే తెస్తే, డబ్బులడుగుతారని చెయ్యి ఊపి వద్దన్నారట. నేనిచ్చిన డాలర్లు జేబులోనే ఉన్నాయి. మంచినీళ్ళు మాత్రం తీసుకున్నారు, అదీ పక్కసీటు కుర్రాడు డబ్బివ్వకుండా తాగడం చూశాక. కారులో ఇదంతా చెబుతూ ముందు ఆయనే నవ్వారు. నేనూ పగలబడి నవ్వాను. ఆ వారమంతా ఇంటికొచ్చిన ప్రతి స్నేహితుడికీ ఆయన ఎదురుగానే చెప్పాను. మొదట ఆయనా కలిసి నవ్వేవారు. తర్వాత్తర్వాత, నేను మొదలుపెట్టగానే లేచి బాల్కనీలోకి వెళ్ళేవారు. మొక్కలు చూసుకోవడానికి అనుకున్నాను.

పార్వతీశం కథ కూడా చెప్పేది పార్వతీశమే. ఇన్నాళ్ళూ రచయిత అతన్ని ఆటపట్టిస్తున్నాడనే చదివాను. మొక్కపాటి నరసింహశాస్త్రిగారూ ఎడింబరోలో చదువుకుని వచ్చినవారే. ఎప్పుడో తెలిసిన సంగతే, ఈసారి మాత్రం ప్రతి నవ్వు వెనకా గుర్తొస్తూనే ఉంది.

మిగతా రెండు భాగాలు చాలా ఏళ్ళ తర్వాత రాసినవి. చప్పగా ఉంటాయని అందరికీ చెప్పేవాణ్ణి. ఇప్పుడవే తేలిగ్గా చదవగలిగాను. పార్వతీశం పెద్దవాడవుతాడు, అతన్ని చూసి నవ్వాల్సిన పని తగ్గుతుంది.

కొనొచ్చా అంటే, కొనండి. పిల్లలకైతే కళ్ళు మూసుకుని ఇవ్వొచ్చు. నాలాగా ఊరికి దూరమై, యాభై దగ్గరపడి, నాన్న లేనివాళ్ళకు ఎలా ఉంటుందో హామీ ఇవ్వను. బహుశా నాదే గొడవేమో.

మా అబ్బాయికి తెలుగు చదవడం రాదు. టోపీ ఘట్టం నేనే చదివి వినిపిస్తే విరగబడి నవ్వాడు. తాతయ్య విమానం కథ కూడా చెప్పమన్నాడు. ఇంకోరోజు చెబుతానన్నాను.