పాత యూనిక్స్ యంత్రాల మధ్య గిగాబిట్ కార్డులు: ఆరు నెలల వాడకం తర్వాత

నల్లగొండలోని మా ఇంట్లో ఫ్రీబీఎస్‌డీ అనే యూనిక్స్ తరహా ఆపరేటింగ్ సిస్టమ్‌తో నడిచే పెంటియం 4 కంప్యూటర్లు రెండు ఉన్నాయి. పానగల్లు పరిసరాల శాసనాల నకళ్లను, ఊళ్లలో దొరికే పాత దస్తావేజులను స్కాన్ చేసి ఒకదానిలో ఉంచి, రెండోదానిలో మరో ప్రతి దాచుకుంటాను. ఏ4 పుటను 600 డీపీఐ వద్ద రంగుల్లో, కుదించకుండా టిఫ్ రూపంలో తీస్తే ఒక్కొక్కటి సుమారు 100 మెగాబైట్లు తూగుతుంది. 400 పుటలంటే 40 గిగాబైట్లు. మదర్‌బోర్డు మీద ఉన్న 100 మెగాబిట్ల నెట్‌వర్క్ పోర్టు (ఎనిమిది బిట్లు ఒక బైటు) సెకనుకు 11 మెగాబైట్లకు మించి పంపలేదు కాబట్టి ఆ కట్ట చేరడానికి గంట పట్టేది.

గడియారం సెంటర్ దగ్గర పాత విడిభాగాలు అమ్మే దుకాణంలో పీసీఐ స్లాటులో అమర్చే ఇంటెల్ ప్రో/1000 జీటీ గిగాబిట్ (సెకనుకు 1000 మెగాబిట్ల) నెట్‌వర్క్ కార్డులు రెండింటిని 1200 రూపాయలకు తీసుకున్నాను. దుకాణదారు అడగకుండానే రెండింటినీ తన యంత్రంలో పెట్టి లింకు దీపం వెలగడం చూపించాడు; సెకండ్ హ్యాండ్ సరుకుకు ఆ మాత్రం ఓపిక అరుదు. ఫ్రీబీఎస్‌డీలోని ఈఎమ్ డ్రైవర్ కార్డును వెంటనే గుర్తించింది. మధ్యలో స్విచ్ కూడా అక్కరలేదు. రెండు వైపులా 192.168.50.1, 192.168.50.2 అనే చిరునామాలు ఇచ్చి నేరుగా ఒక కేబుల్ కలిపితే చాలు. పంపే, అందుకునే తీగలను తారుమారు చేయడం (క్రాస్ఓవర్) అవసరమైతే గిగాబిట్ కార్డులు దాన్ని తామే సర్దుకుంటాయి.

అయినా మొదటి రోజు వేగం 100 మెగాబిట్ల దగ్గరే ఆగింది. నేను కార్డులనే అనుమానించాను గాని, తప్పు వేరొక చోట చేయించుకున్న కేబుల్‌ది. అందులో 1, 2, 3, 6 పిన్నులకు మాత్రమే తీగలు కలిపి, మిగిలిన నాలుగింటిని కత్తిరించేశారు. 100 మెగాబిట్లకు ఆ రెండు జతలు సరిపోతాయి, గిగాబిట్‌కు నాలుగు జతలూ కావాలి. క్యాట్ 5ఈ కేబుల్‌కు ఎనిమిది తీగలూ దగ్గరుండి క్రింప్ చేయించాక నెట్‌వర్క్ స్థితి చూపే ఐఎఫ్‌కాన్ఫిగ్ ఆదేశంలో 1000బేస్‌టీ, అంటే గిగాబిట్ లింకు, కనిపించింది.

తర్వాతి అడ్డంకి ఎస్‌సీపీ, అంటే దస్త్రాలను ఎన్‌క్రిప్ట్ చేసి (రహస్య సంకేతాలుగా మార్చి) ఎస్‌ఎస్‌హెచ్ మీదుగా పంపే ఆదేశం. ఈ తరం ప్రాసెసర్లలో ఏఈఎస్ అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతి కోసం ప్రత్యేక సూచనలు లేనందువల్ల శక్తి అంతా ఎన్‌క్రిప్షన్‌కే ఖర్చయి, వేగం 20 మెగాబైట్లు దాటలేదు. రెండు యంత్రాల మధ్య ఉన్నది మా గదిలోని ఒక్క తీగే కనుక ఎస్‌ఎస్‌హెచ్‌ను పక్కనపెట్టి, దస్త్రాల ప్రతులు తీసే ఆర్‌సింక్‌ను డీమన్‌గా (ఎప్పుడూ వెనుక నడిచే సేవగా) నడిపాను. 40 మెగాబైట్లు వచ్చి, గంట పని పదిహేడు నిమిషాలకు దిగింది. కరెంటు పోయి వచ్చినా పూర్తిగా చేరిన దస్త్రాలను అది మళ్లీ పంపదు. మా వీధిలో ఇది చిన్న సుఖం కాదు.

ఇక పాత ఐడీఈ రకం హార్డ్ డిస్కుల వేగమే హద్దు గనుక జంబో ఫ్రేములతో (మామూలు కంటే పెద్ద ప్యాకెట్లతో) నాకు చెప్పుకోదగ్గ తేడా రాలేదు. 32 బిట్ల, 33 మెగాహెర్ట్జ్ పీసీఐ మార్గం మొత్తానికీ 133 మెగాబైట్లే, అదీ ఇతర కార్డులతో పంచుకోవాలి. కాబట్టి ఈ కార్డు నుంచి పూర్తి గిగాబిట్ ఆశించకూడదు. కొత్త బోర్డుల మీద పాత పీసీఐ స్లాటే కనిపించడం లేదు గనుక, కొనేముందు క్యాబినెట్ మూత తీసి చూసుకోవడం మంచిది.