కుక్కలతో ట్రక్కు కాపురం: ఇద్దరూ నడపాలా, ఒక్కరే నడపాలా?

పసుపు పచ్చ నాబ్ లాగితే పార్కింగ్ బ్రేకు భుస్సుమని గాలి వదులుతుంది. మా కుక్క నల్లోడికి ఆ చప్పుడు వినబడితే చాలు, సీట్ల వెనక పడుకునే బెర్తు కింద ఎంత నిద్రలో ఉన్నా లేచి నిలబడతాడు. తోక కప్‌బోర్డు తలుపుకి టపటపా కొట్టుకుంటుంది. సిగ్నల్ దగ్గర ఆగితే లేవడు, దీనికే లేస్తాడు. ఆ భుస్సు రోజుకి ఎన్నిసార్లు వస్తుంది, వచ్చాక బండి ఎంతసేపు కదలకుండా ఉంటుంది అన్నదాన్ని బట్టే కుక్క బతుకు. ఇద్దరూ వంతులేసుకుని నడిపే టీమ్ డ్రైవింగ్ మేలా, ఒకరు నడుపుతుంటే రెండోవాళ్లు తోడుగా కూర్చోవడం మేలా అని అడిగేవాళ్లకి నేను ముందు చెప్పేది ఇదే. డబ్బు సంగతి తర్వాత.

మేం అమెరికాలో రెండు రకాలుగానూ తిరిగాం. మొదట్లో మా ఆయన నడిపేవారు, నేను పక్క సీట్లో. నాకూ సీడీఎల్, అంటే పెద్ద బండ్లు నడిపే లైసెన్సు వచ్చాక టీమ్. మాతో రెండు కుక్కలు: 30 కిలోల నల్లోడు, చంకలో ఇమిడిపోయే చిట్టి.

అక్కడి ఫెడరల్ రూలు ప్రకారం వరుసగా 10 గంటలు రెస్టు తీసుకున్న డ్రైవరు, పని మొదలైన దగ్గర్నుంచి 14 గంటల లోపల 11 గంటలే నడపాలి. ఎలక్ట్రానిక్ లాగ్ వచ్చాక ఇందులో నిమిషం కూడా దాచలేం. ఒక్కరే నడిపితే రోజుకి 600 మైళ్లు దాటడం కష్టం. ఇద్దరుంటే ఒకరి గంటలు అయిపోయేసరికి రెండోవాళ్లవి సిద్ధంగా ఉంటాయి, వెయ్యి మైళ్లు దాటేస్తారు. మైలుకి ఇచ్చే రేటు వేరేవాళ్ల టీముల్లో ఇద్దరూ పంచుకుంటారు. మొగుడూ పెళ్లాలైతే మొత్తం ఒకే ఇంటికొస్తుంది. డబ్బే చూస్తే టీమే గెలుస్తుంది, దాని మీద వాదన అక్కర్లేదు.

కానీ టీమ్‌లో ఆలుమగలు కలిసి ఉంటారనుకుంటే పొరపాటు. ఒకరు నడుపుతుంటే ఒకరు నిద్ర. ఆ 10 గంటల రెస్టులో పక్క సీట్లో కూర్చున్న టైమ్ కూడా 3 గంటల దాకానే లెక్కలోకి వస్తుంది, అదీ 7 గంటలు బెర్తులో గడిపితేనే. 2020 సెప్టెంబరుకి ముందైతే 2 గంటలే. పక్కపక్కన కూర్చోవడానికి కూడా గవర్నమెంటు గడియారమే! నల్లోడికి ఇది నచ్చలేదు. ఎవరు మెలకువగా ఉంటే వాళ్ల దగ్గర ఉండాలనేది వాడి పద్ధతి. ఎప్పుడూ ఎవరో ఒకరు మెలకువగానే ఉంటారు కాబట్టి వాడికి నిద్రే లేకుండా పోయింది. మూడు వారాలు తిరిగేసరికి మనిషి అలికిడైతే మూలిగేవాడు.

టీమ్‌లో స్టీరింగ్ చేతులు మారేది తెల్లవారుజామున 2 గంటలకి. వయోమింగ్‌లో ఇంటర్‌స్టేట్ 80 హైవే మీద ఆగితే గాలికి తలుపు తెరవడానికే రెండు చేతులూ కావాలి. చిట్టి మెట్టు మీద నుంచి గాలివైపు మూతి పెట్టి, ముక్కు ముడిచి, మళ్లీ లోపలికి పోయేది. పని కాలేదు. నలభై మైళ్లు పోయాక గీరడం మొదలుపెట్టేది, మళ్లీ ఆపాలి. లోడు టైమ్‌కి చేరాలన్న టెన్షన్ ఒకపక్క, కుక్క పొట్ట ఇంకోపక్క.

ఒక్కరు నడిపే బండిలో ఈ గొడవ లేదు. సాయంత్రం ఆపితే 10 గంటలు కదలదు. కుక్కకి ఒక పొడవాటి నడక, ఒక భోజనం, ఒక రాత్రి. ట్రక్ స్టాపుల్లో కుక్కల కోసం కంచె వేసిన చోటు చాలాచోట్ల ఉంటుంది కానీ నాకు నమ్మకం తక్కువ, గేటు ఎవరు తీసి వదిలేస్తారో తెలీదు. పైగా స్టాపు నేల మీద మనం చూడనివి కుక్క చూస్తుంది: కోడి ఎముకలు, సీసాలు (వాటిలో ఉన్నది ఏంటో డ్రైవర్లందరికీ తెలుసు, చెప్పను), ఇంజన్ల కింద కారిన కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం) మడుగులు. ఆ కూలెంట్‌లో ఉండే ఇథిలిన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కొంచెం నాకినా కిడ్నీలు పోతాయి. న్యూ మెక్సికోలో ఓసారి చిట్టి మూడు కాళ్ల మీద గెంతుకుంటూ వచ్చింది. పాదం ఎత్తి చూస్తే పల్లేరు కాయ! అక్కడ గోట్‌హెడ్ అంటారు గానీ మన చేలగట్ల మీది పల్లేరే. అంత దూరం వచ్చి ముల్లు తీసే పని తప్పలేదు. ఇదంతా చూసుకునే తీరిక ఒక్కరు నడిపే బండిలోనే దొరుకుతుంది.

ఎండ విషయంలో మాత్రం టీమే మేలు. నడిచే బండిలో ఏసీ నడుస్తుంది. ఆగిన బండిలో 10 గంటలు చల్లగా ఉంచాలంటే ఇంజన్ ఆన్‌లో వదలాలి, లేదా ఏపీయూ ఉండాలి, అంటే పెద్ద ఇంజన్ ఆపినా ఏసీ నడిపే చిన్న యూనిట్. క్యాలిఫోర్నియాలో పెద్ద డీజిల్ బండి ఇంజన్‌ని ఊరికే 5 నిమిషాలకి మించి నడపకూడదు. 85 ఫారెన్‌హీట్ డిగ్రీల రోజు మూసిన బండి లోపల పది నిమిషాల్లో వంద దాటుతుంది. ఏపీయూ లేని బండిలో, వేసవిలో, కుక్కతో ఒక్కరు నడపడం నేను ఒప్పుకోను. బ్యాటరీ ఏపీయూ అయినా రాత్రంతా లాగుతుందో లేదో ముందే ఇంటి దగ్గర పెట్టి చూడండి.

ఇంకో చిక్కు, పక్కన కూర్చునేవాళ్లకి కంపెనీ రాతపూర్వకంగా అనుమతి ఇవ్వాలి, నోటిమాట చాలదు. కుక్కలకైతే కొన్ని కంపెనీలు బరువు పరిమితి పెడతాయి, డిపాజిట్ తీసుకుంటాయి. సొంత బండైతే ఈ బాధ ఉండదు, వేరే బాధలుంటాయి.

చిన్న కుక్కా, పెద్ద కుక్కా? అందరూ చిన్నదే అంటారు. నేనూ అనేదాన్ని, ఇంటర్‌స్టేట్ 40 మీద చిట్టి నా బ్రేకు పెడల్ కింద దూరేదాకా. ముందు ట్రాఫిక్ ఆగుతోంది, నేను కాలు నొక్కబోతే మెత్తగా తగిలింది. ఎడమ చేత్తో స్టీరింగ్ పట్టుకుని కుడి చేత్తో మెడ పట్టి లాగాను. ఇప్పటికీ ఆ మెత్తదనం గుర్తొస్తే పాదం లాక్కుంటాను. అప్పట్నుంచి బండి కదిలితే అది బోనులోనే. పెద్ద కుక్క పెడల్ కింద దూరదు కానీ నాలుగడుగుల ఎత్తు నుంచి దూకుతుంది. రోజూ దూకితే ముందు కాళ్ల కీళ్లు అరిగిపోతాయి. మెట్లకి మంచు పట్టిన రోజు 30 కిలోలని మనమే ఎత్తి దింపాలి. రెండూ ఒకటే, తలనొప్పులు వేరు.

కాగితాలు ఎలా నడిపినా ఒకటే. రేబిస్ సర్టిఫికెట్ డ్యాష్‌బోర్డు డ్రాలో ఉండాలి. కెనడా లోడు అయితే 2024 ఆగస్టు 1 నుంచి తిరిగి అమెరికాలోకి వచ్చే ప్రతి కుక్కకీ సీడీసీ (అక్కడి ఆరోగ్య సంస్థ) ఫారం నింపిన రసీదు చూపాలి, మైక్రోచిప్ ఉండాలి, వయసు కనీసం ఆరు నెలలు. చిప్ వేయించే ముందే లోడు ఒప్పుకోకండి.

మేం చివరికి రెండింటి మధ్య పద్ధతి పట్టుకున్నాం. ఇద్దరం నడుపుతాం కానీ రాత్రి 10 నుంచి 6 దాకా బండి ఆపేస్తాం. పొద్దున ఆయన 8 గంటలు, మధ్యాహ్నం నుంచి నేను 8 గంటలు. ఆ 8 గంటల నిద్రకి పక్క సీటులో రెండు గంటలు కలిపితే 10 గంటల రెస్టు పూర్తవుతుంది. నిండు టీమ్ కన్నా మైళ్లు తగ్గుతాయి, ఒక్కరు నడిపేదాని కన్నా చాలా ఎక్కువ. అన్నిటికన్నా ముఖ్యం, రాత్రి నలుగురం ఒకేసారి పడుకుంటాం. నల్లోడి మూలుగు వారంలో పోయింది.

దీనికి లోడ్లు దొరకాలి, అదే ఇబ్బంది. టీముకి ఇచ్చేవి ఎక్కువగా రాత్రింబవళ్లూ పరిగెత్తాల్సిన అర్జెంటు లోడ్లు, లోడ్లు అప్పగించే డిస్పాచర్ రాత్రి ఆపనివ్వడు. మాది సొంత బండి కాబట్టి వద్దని చెప్పగలుగుతున్నాం. కంపెనీ బండిలో అర్జెంటు లోడ్లే చేయాల్సి వస్తే ఒక్క కుక్కతో వెళ్లండి, అదీ ఎక్కడ పడుకోబెడితే అక్కడ పడుకునే కుక్కతో. ముందుగా రెండు వారాలు తిప్పి చూడండి. మా చిట్టిలాంటిది మాత్రం వద్దు.