హకోనే విడిదిలో చల్లారిన భోజనం, ఒదవారాలో వేడివేడి చేప

జపాన్ కొండ ప్రాంతమైన హకోనేలో మేము దిగిన విడిది ఒక్క రాత్రికి ఇద్దరి దగ్గర 42,000 యెన్లు పుచ్చుకుంది. భోజనం ఆరున్నరకే అన్నారు. రోప్‌వే దగ్గర జనం వల్ల పావుగంట ఆలస్యమయ్యేసరికి చల్లారిన పులుసు, మెత్తబడిన టెంపురా (పిండిలో ముంచి వేయించిన బజ్జీలు) వడ్డించారు. వేడి చేయమని అడిగితే వంగి వంగి క్షమాపణలు చెప్పారే తప్ప గిన్నె కదపలేదు. అక్కయ్య మర్నాటి వరకూ ముఖం ముడుచుకునే ఉంది.

ఆ కోపం కజమత్సురిలో దిగింది. ఒదవారా నుంచి కొండ రైలెక్కితే రెండో స్టేషన్. ఎదురుగానే, 1865లో మొదలైన సుజుహిరో కంపెనీ వారి కమబోకో ప్రదర్శనశాల, ప్రవేశం ఉచితం. కమబోకో అంటే చేప ముద్దను పలక మీద మెత్తి ఆవిరికి ఉడికించే వంటకం. అద్దాల వెనక పనివాళ్లు వెడల్పాటి కత్తితో తెల్లటి చేప ముద్దను తీసి, చెక్క పలక మీద గుమ్మటంలా మెత్తుతున్నారు. నాలుగు చేతి వాటాలకే అంచు నునుపు తేలుతోంది. కిటుకంతా ముందే ఉంది: కండను నీళ్లలో పదేపదే కడిగితే కొవ్వు, నీచు పోతాయి. ఉప్పు వేసి రుబ్బితే మాంసకృత్తులు కరిగి జిగట పడతాయి, ఆవిరికి సాగే గుణం వస్తుంది. పలక అదనపు తేమను పీల్చుకుంటుంది.

మిగిలిపోయిన చేపను ముద్ద చేసి అమ్ముతారని చిన్నచూపు చూసేవాళ్లు ఒక్క ముక్క తినాలి. మంచి కమబోకో అయితే 12 మిల్లీమీటర్ల మందాన కోసి, వసాబి (ఘాటైన పచ్చ ముద్ద), సోయా సాస్‌తో ఊరికే తినాలి. పల్చగా కోస్తే ఆ సాగుడు పంటికి తెలియదు. మేము కొన్న ఒక పలక కమబోకో 1,500 యెన్లు. సూపర్‌మార్కెట్‌లో రెండు వందలకూ దొరుకుతుంది గానీ అది నూడుల్స్‌లో వేసుకోవడానికే. చేప ముద్దనే గొట్టంలా చుట్టి నిప్పుల మీద కాల్చిన చికువ మాత్రం అక్కడికక్కడే తినండి. పులసలో ముళ్లు ఏరుకుంటూ పెరిగిన అక్కయ్య "ముల్లు లేని చేప ఏం చేప?" అంటూనే రెండోది తీసుకుంది.

శాకాహారులకో హెచ్చరిక: చలికాలంలో దుకాణాల్లో మరిగే ఒదెన్ అనే పులుసులో ముల్లంగి ముక్క ఒక్కటే ఏరుకున్నా లాభం లేదు, ఆ రసమే చేపది. ఇంటికి తేవాలనుకునేవారు 10 డిగ్రీల లోపు ఉంచాలని పొట్లం మీద రాసిన మాట చూడండి. అక్కయ్య మరో రెండు పలకలు కొంది. టోక్యో గదిలో ఫ్రిజ్ ఉంది కాబట్టి సరిపోయింది.