గ్లోబ్‌మాస్టరా, గజరాజా: ఏది మేలు?

భారత వైమానిక దళం దగ్గర భారీ రవాణా విమానాలు రెండు రకాలున్నాయి. 1985లో సోవియట్ యూనియన్ నుంచి రావడం మొదలైన ఐఎల్-76కు మనవాళ్లు గజరాజ్ అని పేరు పెట్టుకున్నారు. అమెరికా తయారీ సీ-17 గ్లోబ్‌మాస్టర్ 2013లో చేరింది. ఈ రెంటినీ పోల్చేవారు ముందుగా బరువే చూస్తారు. సీ-17 దాదాపు 77 టన్నులు మోస్తే, మన పాత ఐఎల్-76 మోసేది సుమారు 45 టన్నులు.

నన్ను అడిగితే, బరువుకన్నా ముందు చూడవలసింది సరుకు గది వెడల్పు. ఐఎల్-76లో అది మూడున్నర మీటర్లకు కొంచెం తక్కువ, సీ-17లో అయిదున్నర మీటర్లు. మన అర్జున్ ట్యాంకు వెడల్పు 3.8 మీటర్లు దాటుతుంది, బరువు 58 టన్నులకు పైనే. దాన్ని గజరాజ్‌లోకి ఎక్కించే మార్గమే లేదు, సీ-17 మోయగలదు. వాహనాలను రెండు వరుసల్లో నిలిపే వీలు కూడా సీ-17లోనే ఉంది. 2021 ఏప్రిల్‌లో కోవిడ్ రోగులు ఊపిరాడక అల్లాడుతున్నప్పుడు, బేగంపేట నుంచి ఖాళీ ఆక్సిజన్ ట్యాంకర్లను భువనేశ్వర్‌కు చేర్చింది ఈ విమానమే. నింపిన ట్యాంకర్లు రోడ్డు మీదే తిరిగి రావాలి. అయినా ఒక వైపు ప్రయాణం గంటల్లో ముగియడం ఆ రోజుల్లో ఎంత విలువైనదో చెప్పనక్కరలేదు.

దిగడంలోనూ సీ-17దే పైచేయి. అరుణాచల్‌లోని మెచుకాలో, కొండల నడుమ ఉన్న చిన్న రన్‌వే మీద 2016లో అది దిగింది. నేల మీద తన ఇంజిన్ల బలంతోనే వెనక్కి నడవగలదు కాబట్టి ఇరుకు స్థలంలోనూ చిక్కుకోదు. దాన్ని నడపడానికి ఇద్దరు పైలట్లు, సరుకు చూసుకునే ఒక లోడ్‌మాస్టర్ చాలు.

అలాగని గజరాజ్‌ను తీసిపారేయడం అన్యాయం. సైబీరియా మట్టి రన్‌వేల కోసం 20 చక్రాలతో కట్టిన దృఢమైన విమానమది. పారాట్రూపర్లు ఇందులో 126 మంది, సీ-17లో 102 మంది పడతారు. 1988 నవంబరులో మాల్దీవుల్లో తిరుగుబాటును అణచడానికి ఆగ్రా నుంచి మన సైనికులను రాత్రికి రాత్రే అక్కడి విమానాశ్రయ దీవి హుల్‌హులేలో దించింది ఐఎల్-76లే. అయితే వయసు మీదపడింది. వాటిని కట్టిన తాష్కెంట్ కర్మాగారం సోవియట్ పతనంతో వేరే దేశంలోకి వెళ్లింది, ఇంజిన్లు కూడా పాత తరానివి.

నా ఓటు సీ-17కే. కానీ దాని తయారీ 2015లోనే ఆగిపోయింది. 2019లో వచ్చిన పదకొండోదే మనకు చివరిది, ఇక కొత్తవి కొనలేం. అందుకే ట్యాంకులకు, పెద్ద యంత్రాలకు మాత్రమే వాటిని వాడాలి. 20 టన్నుల లోపు సరుకుకు మన దగ్గరున్న చిన్న రవాణా విమానం సీ-130జె సరిపోతుంది. దాని తోక భాగాలు హైదరాబాద్ శివార్లలోని ఆదిభట్లలోనే తయారవుతున్నాయి.