ద్రాక్ష సీజనుకు తట్టుకునే గడ్డి మడేనా? ఐదేళ్ల వాడకం తర్వాత

నాసిక్ దగ్గర వైన్ తయారీ యూనిట్ మురుగునీటిని శుద్ధి చేయడానికి కట్టిన కంకర మడి ఇది. అడుగున నీళ్లు ఇంకకుండా హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ షీటు, దానిపై 60 సెంటీమీటర్ల మందాన 10–20 మి.మీ. కంకర, అందులో కిక్కస గడ్డి, జమ్ము. నీళ్లు కంకర మట్టానికి పది సెంటీమీటర్ల కిందే నడుస్తాయి కాబట్టి దోమల బెడద లేదు. కరెంటు ఒక్క మోటారుకే.

ఏప్రిల్ నుంచి డిసెంబరు దాకా వంక పెట్టడానికి లేదు. చిక్కంతా జనవరి–మార్చిలో, ద్రాక్ష నలిపేటప్పుడే. రోజుకు పది వేల లీటర్లు, బీఓడీ (నీటిలోని మురుగును కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులకు కావాల్సిన ఆక్సిజన్) లీటరుకు 3,000 మిల్లీగ్రాములు అనుకోండి. అంటే 30 కిలోల లోడు. చదరపు మీటరుకు రోజుకు 10 గ్రాములు మించకూడదనుకుంటే 3,000 చదరపు మీటర్లు, దాదాపు ముప్పావు ఎకరం కావాలి. మడి అమ్మేవాళ్లు ఈ లెక్క తీయరు. అంత చోటు లేకపోతే ముందు గాలి కొట్టే ట్యాంకులోనో, గాలి తగలకుండా మూసిన ట్యాంకులోనో లోడు తగ్గించక తప్పదు.

మడిని చంపేది తొక్కలూ, గింజలూ, ట్యాంకు అడుగు మడ్డీ. మడ్డిని అసలు డ్రెయిన్‌లోకి వదలకూడదు, డ్రమ్ముల్లో పట్టి కంపోస్టుకు పంపాలి. డ్రెయిన్ నోట్లో 1 మి.మీ. జల్లెడ, ఆ తర్వాత తేర్చే ట్యాంకు ఉండాల్సిందే. ఇవి సరిగ్గా లేకపోతే నీళ్లు దిగే చోట మొదటి రెండు మీటర్లూ పూడుకుపోతాయి. మడి తలదగ్గర కంకర మీద నీళ్లు నిలుస్తుంటే, చివరి పైపులో మాత్రం ధార సన్నబడితే అదే జబ్బు. అక్కడ గుప్పెడు కంకర తీసి చూడండి: నల్లటి జిగురు, కుళ్లిన గుడ్ల కంపు. మడి ఒకటే ఉంటే కంకర కడిగి మళ్లీ పోయడం తప్ప మందు లేదు. నీళ్లు దిగే చోట 50–80 మి.మీ. పెద్ద రాళ్లు వేస్తే ఈ పని కొంత వాయిదా పడుతుంది.

ద్రాక్ష నీళ్లు పుల్లనివి, పీహెచ్ 4 దగ్గర ఉంటుంది. ట్యాంకులు కడిగిన కాస్టిక్ నీళ్లు వచ్చిన రోజు ఒక్కసారిగా 11 దాటుతుంది. రెండూ ఒకే తొట్టిలో కలిపి, 6.5–8 మధ్యకు తెచ్చాకే మడికి వదలాలి. శుద్ధి అయిన నీళ్లు తోటకు పారిస్తుంటే సోడియం కాస్టిక్ మానేసి పొటాష్ కాస్టిక్ వాడండి. ఖరీదెక్కువే, కానీ నేల గట్టిపడదు. మడిలో గడ్డి ఆకులు లేత పసుపుకు తిరిగితే నత్రజని చాలడం లేదని అర్థం. తొట్టిలో కాస్త యూరియా కలిపితే తేరుకుంటాయి.

కొత్తగా కట్టేవాళ్లు ఒక పెద్ద మడి బదులు రెండు చిన్నవి పక్కపక్కన కట్టుకోండి. ఒకటి ఆరుతుంటే రెండోది నడుస్తుంది, జిగురు దానంతట అదే చాలావరకు కరుగుతుంది. ఇక్కడున్నది ఒకటే. అందుకే ఏటా ఏప్రిల్ ఎండలో పార పట్టాల్సి వస్తోంది.