వశిష్ట పాయలో నా పండుగప్ప బోటు: సెకండ్ హ్యాండ్ అవుట్‌బోర్డ్‌తో నాలుగేళ్లు

మాది రాజోలు వైపు, వశిష్ట గట్టు మీద ఊరు. 2021 దసరా ముందు భీమవరం దగ్గర ఒక రొయ్యల చెరువుల ఆసామి అమ్ముతున్నారంటే వెళ్లి 18 అడుగుల ఫైబర్ బోటు, దాని వెనక బయట బిగించి ఉన్న 40 హెచ్‌పీ టూ స్ట్రోక్ అవుట్‌బోర్డ్ ఇంజిన్ కలిపి కొన్నాను. రెండు సిలిండర్లు, తాడు లాగి స్టార్ట్ చేసే రకం, స్టీరింగ్ లేదు, హ్యాండిల్ పట్టుకుని నడపాలి. అప్పటి నుంచి నెలకు రెండు మూడుసార్లయినా చించినాడ వంతెన దిగువ నుంచి అంతర్వేది దాకా గేలంతో తిరుగుతూనే ఉన్నాను. ఇంజిన్ కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు. ఇంత వయసున్న ఇంజిన్ బాగుందా లేదా అన్నది కంపెనీని బట్టి ఉండదు, మనకంటే ముందు వాడినవాళ్లు దాన్ని ఎలా చూసుకున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది.

అమెరికాలో బాస్ చేప వేట కోసమే ప్రత్యేకంగా బోట్లు కడతారు. ముందు వైపు నిలబడి గేలం విసరడానికి చదునైన డెక్కు, చప్పుడు లేకుండా మెల్లగా కదలడానికి చిన్న కరెంటు మోటారు, వెనక బలమైన ఇంజిన్. నేను వేటాడే మన పండుగప్ప చేపని ఇంగ్లీషులో ఏషియన్ సీ బాస్ అంటారు. అక్కడి బాస్‌తో దీనికి దగ్గరి చుట్టరికం లేదు, కానీ వేటాడే తీరు ఒకటే. రెండూ నీళ్లలో మునిగిన కొమ్మల పక్కన మాటు వేసి, దాటుతున్న చిన్న చేపని ఒక్కసారిగా లాక్కుంటాయి. అందుకే ఆ పద్ధతి బోటు మన పాయల్లో బాగా పనికొస్తుందని నాకు గట్టిగా అనిపించింది.

కొనడానికి వెళ్లిన రోజు నేను చేరేసరికే ఇంజిన్ వేడిగా ఉంది. ముందే నడిపి ఉంచారు. వేడి ఇంజిన్ ఒక్క లాగుడుకే అందుకుంటుంది కాబట్టి ఆ స్టార్టింగ్ చూసి ఏమీ తేల్చుకోకూడదు. "ఏవండీ, ఒక రెండు గంటలు చల్లారనిద్దామండి" అన్నాను. ఆయన కూడా "ఆయ్, అలాగేనండి" అని కుర్చీ వేయించారు. ఈలోగా వేడి మీదే చేయాల్సిన పని ఒకటుంది, కంప్రెషన్ చూడటం, అంటే సిలిండర్‌లో ఎంత ఒత్తిడి పుడుతోందో కొలవడం. గేజి మా ఊరి బైక్ మెకానిక్ దగ్గర అడిగి తీసుకెళ్లాను. రెండు ప్లగ్గులూ విప్పి, నిప్పు రేగకుండా ప్లగ్గు వైర్లని ఇంజిన్ బాడీకి ఎర్త్ చేసి, ఏక్సిలేటరు పూర్తిగా తెరిచి, ఐదుసార్లు తాడు లాగాలి. ఏక్సిలేటరు మూసి ఉంటే గాలి సరిగా అందక అంకె తక్కువ చూపిస్తుంది. పై సిలిండర్‌లో 118, కిందిదాంట్లో 113 పీఎస్‌ఐ వచ్చింది. అంకె ఎంతన్నదానికంటే రెండింటి మధ్య తేడానే ముఖ్యం. అది పది శాతం దాటితే నేను ముట్టుకోను. మొన్న డిసెంబరులో అదే గేజితో చూస్తే 112, 108. నాలుగేళ్లకి ఇది మంచి లెక్కే. గేజి మారిస్తే అంకె మారుతుంది, అందుకే ఆ గేజినే ఆ మెకానిక్ దగ్గర కొనేసుకున్నాను.

ప్లగ్గుల రంగు కూడా చూశాను. లేత ఇటుక రంగులో రెండూ ఒకేలా ఉన్నాయి. ఒక ప్లగ్గు మాత్రం కడిగినట్టు తెల్లగా మెరుస్తుంటే ఆ సిలిండర్‌లోకి నీరు దిగుతోందని, హెడ్ గ్యాస్కెట్ పోయిందని అనుమానించాలి.

అసలు విషయం గేర్ ఆయిల్ దగ్గర బయటపడింది. కింద గేర్ కేసుకి రెండు స్క్రూలుంటాయి. కింది స్క్రూ కొద్దిగా వదులు చేసి మొదట వచ్చే చుక్కల్ని తెల్ల ప్లేటులో పట్టాలి. శుభ్రమైన ఆయిల్ తేనెలా జారుతుంది. నాకు పాలు ఎక్కువైన టీ రంగులో వచ్చింది. నీరు కలిసిందన్నమాట. ప్రొపెల్లర్ విప్పి చూస్తే షాఫ్టుకి మూరెడు తంగుసు (గేలపు నైలాన్ దారం) చుట్టుకుని, నీరు లోపలికి రాకుండా ఆపే సీలుని కోసేసి ఉంది. మన పాయల్లో వలల ముక్కలు, తెగిన తంగుసు ఎక్కడపడితే అక్కడ తేలుతుంటాయి, కాబట్టి ఇది ప్రతి ఇంజిన్‌కీ ఉన్న ప్రమాదమే. ఆయిల్‌లో మెత్తటి బూడిద లాంటి ఇనుప పొడి ఉంటే ఫర్వాలేదు, చేతికి గుచ్చుకునే ముక్కలుంటే గేర్లు అరిగిపోయినట్టే. నాకు ముక్కలు తగల్లేదు. ఆ ప్లేటు ఆయనకే చూపించాను. 15,000 తగ్గించి 1,50,000కి ఇచ్చారు. చల్లారాక మూడో లాగుడుకి స్టార్ట్ అయింది.

సీళ్లు కొత్తవి వేయించినా 2023లో మళ్లీ ఆయిల్ తెల్లబడింది. సీళ్లు వేసిన మేస్త్రి ఆ రెండు స్క్రూలకీ పాత వాషర్లే బిగించాడని అప్పుడు తెలిసింది. చిన్న వాషర్, పది రూపాయల వస్తువు. దానివల్ల నాకు ఒక బేరింగు పోయింది. ఇప్పుడు ఆయిల్ నేనే మారుస్తున్నాను. కింది రంధ్రం నుంచి పంపుతో ఎక్కిస్తూ, పై రంధ్రం నుంచి బుడగలు ఆగి ఆయిల్ పొంగాక ముందు పై స్క్రూ బిగించి, తరువాత కిందిది బిగించాలి. పై నుంచి పోస్తే లోపల గాలి ఉండిపోతుంది.

ఇక నీళ్ల సంగతి. ఈ సమీక్షలో ఇంకేదీ చదవకపోయినా ఇది చదవండి. గోదావరి డెల్టాలో ఇంజిన్ ఏడాదిలో రెండు రకాల నీళ్లు తాగుతుంది. జూలై నుంచి అక్టోబరు దాకా ధవళేశ్వరం గేట్లు ఎత్తితే వచ్చే ఎర్రనీరు, నిండా ఒండ్రు, ఇసుక. వరద తగ్గి సంక్రాంతి దాటాక సముద్రం పోటుతో పైకి ఎక్కే ఉప్పునీరు. మొదటిది ఇంజిన్‌ని అరగదీస్తుంది, రెండోది తినేస్తుంది.

2022 జూలైలో పెద్ద వరద వచ్చింది. భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటిన ఏడాది. నీరు తీశాక ఆగస్టు చివర బోటు దింపాను. నాకు తెలిసిన దారిలోనే కొత్తగా ఇసుక మేటలు వేసి ఉన్నాయి. రెండు చోట్ల ప్రొపెల్లర్ ఇసుక తవ్వింది. తిరిగి వస్తుంటే ఇంజిన్‌ని చల్లబరిచి పక్క నుంచి బయటికి పడే నీటిధార చూపుడువేలు లావు నుంచి పుల్ల లావుకి తగ్గింది. వెంటనే ఆపేసి, సన్నటి తంగుసుతో ధార వచ్చే రంధ్రం పొడిచాను. అక్కడ మట్టి అడ్డుపడినా ధార తగ్గుతుంది కాబట్టి ముందు అది చూడాలి. రంధ్రం శుభ్రంగానే ఉంది. లంక పక్కన లంగరు వేసి ఒకరికి ఫోన్ చేస్తే తాడు కట్టి లాక్కొచ్చారు. ఇంటికొచ్చి విప్పితే నీటి పంపులోని రబ్బరు ఇంపెల్లర్ రెక్కలు చివర్ల దాకా అరిగి, ఒకటి విరిగి ఉంది. ఇంకో పది నిమిషాలు నడిపి ఉంటే పిస్టన్లు పట్టేసేవి. అప్పటి నుంచి ప్రతి కార్తీకంలో, బాగున్నా సరే, ఇంపెల్లర్ మారుస్తున్నాను. మార్చేటప్పుడు షాఫ్టులో ఉండే చిన్న తాళపు ముక్కని గ్రీజుతో అంటించి పెట్టండి, జారి ఇసుకలో పడితే దొరకదు. నీళ్లు లేకుండా ఇంజిన్‌ని అర నిమిషం కూడా తిప్పకూడదు. వినడానికి స్టార్ట్ చేసి చూపిస్తానని ఎవరైనా గట్టు మీదే లాగితే చెయ్యి పట్టుకుని ఆపండి.

ఉప్పునీటి నెలల్లో ఇంటికొచ్చాక 200 లీటర్ల డ్రమ్ములో మంచినీళ్లు నింపి, అందులో ఇంజిన్ దించి పావుగంట నడుపుతాను. ఒక్కసారి కూడా మానలేదు. ఇంజిన్ బదులు తాము కరిగిపోతూ దానికి తుప్పు నుంచి రక్షణగా ఉండే ఆనోడ్ లోహపు ముక్కలు మా ఉప్పు తగిలిన నీటికి అల్యూమినియంవి సరిపోయాయి. సగం కరిగితే మార్చేయాలి, వాటి మీద రంగు వేయకూడదు. మంచినీటి చెరువుల్లోనే తిప్పేవాళ్లకి మెగ్నీషియంవి మేలు.

పెట్రోలు గురించి రెండు మాటలు. బంకుల్లో ఇప్పుడు ఇథనాల్ 20 శాతం. అది గాలిలో చెమ్మని లాక్కుంటుంది, డెల్టా గాలిలో చెమ్మకి కొదవ లేదు. ట్యాంకులో నెల రోజులు ఉంచిన పెట్రోలు వాడి ఒకసారి కార్బొరేటర్ జెట్లు మూసుకుపోయాయి. ఇప్పుడు పెట్రోలు పైపు మధ్యలో నీటిని విడదీసే ఫిల్టరు పెట్టాను, ఇంటికొచ్చాక పైపు తీసేసి కార్బొరేటర్ ఖాళీ అయ్యేదాకా నడిపి ఆపుతాను. పెట్రోలులో కలిపే ఆయిల్ 20 లీటర్లకి 400 మి.లీ., డబ్బా మీద టీసీ-డబ్ల్యూ3 అని ఉన్నదే. బైకుల 2టీ ఆయిల్ వద్దు.

బోటు అమరిక నేను అనుకున్నదానికంటే ఎక్కువ సమయం తీసుకుంది. మొదట్లో ఎంత ఏక్సిలేటర్ ఇచ్చినా ముందు భాగం ఆకాశం చూసేది, వేగం రాదు. ప్లగ్గు వైరుకి చుట్టే చిన్న ఆర్‌పీఎం మీటరు కొని చూస్తే, ఇద్దరం ఎక్కితే 4,400 దాటడం లేదు. ఈ ఇంజిన్ 4,500 నుంచి 5,500 మధ్య తిరగాలి. 13 పిచ్ (ఒక చుట్టుకి ముందుకు నెట్టే అంగుళాల లెక్క) ప్రొపెల్లర్ తీసి 11 వేశాను, 4,800 వచ్చింది. తరువాత ఇంజిన్‌ని ఒక అంగుళం పైకి లేపి బిగించాను. ప్రొపెల్లర్ పైనుండే చదును రెక్క బోటు అడుగుతో సమానంగానో, కొంచెం పైకో ఉండాలి. నాది కిందికి దిగిపోయి నీటిని ఈడుస్తోంది. అది సరిచేశాక 5,000 దాటింది. కోణం సరిచేసే పిన్నుని ఒక రంధ్రం లోపలికి మార్చాక ముక్కు దిగింది. ప్రొపెల్లర్, మీటరు ధర కాక, ఈ మార్పులకి రూపాయి ఖర్చు లేదు.

ముందు డెక్కు ఐఎస్ 710 ముద్ర ఉన్న 12 ఎంఎం మెరైన్ ప్లైవుడ్‌తో చేయించి పైన ఫైబర్ వేయించాను. దాని కింద కరెంటు మోటారు బ్యాటరీ. మోటారు 55 పౌండ్ల తోపుడుది, 12 వోల్టులు. పూర్తి వేగంలో 50 ఆంపియర్ల దాకా లాగుతుంది కాబట్టి 100 ఏహెచ్ (ఆంపియర్-గంటల) బ్యాటరీ రెండు గంటలకంటే రాదు, మెల్లగా వాడితే ఉదయమంతా వస్తుంది. 2024లో సీసం బ్యాటరీ తీసి లిథియం పెట్టాక ముందు బరువు 15 కిలోలకు పైగా తగ్గింది, బోటు నడకే మారిపోయింది. పాటు (సముద్రం వైపు వెనక్కి తీసే నీరు) గట్టిగా లాగేటప్పుడు మాత్రం ఈ మోటారు నిలవదు. పోటు పాటు మారే ఆ ముప్పావుగంట దానిదే. పండుగప్ప కూడా ఎక్కువగా అప్పుడే కొడుతుంది. ఆరేడు కిలోలు దాటినవి దాదాపు ఆడవే, ఎందుకంటే పండుగప్ప మగగా పెరిగి తరువాత ఆడదవుతుంది. వాటిని నేను వదిలేస్తాను.

నచ్చనివీ ఉన్నాయి. పూర్తి వేగంలో గంటకు 17, 18 లీటర్లు తాగుతుంది. పొగ, చప్పుడు. కొత్తగా కొనే స్తోమత ఉంటే ఫోర్ స్ట్రోక్ తీసుకోండి. కానీ విప్పి బిగించడం నేర్చుకోవాలనుకునేవారికి ఇంత సులువైన ఇంజిన్ దొరకదు, నాకు దీని మీద మనసు.

ఇంజిన్ బిగించే వెనక పలకని ఆరు నెలలకోసారి సుత్తి పిడితో కొట్టి వింటాను. గట్టి చెక్క టంగుమంటుంది, లోపల నానితే బొదబొదమంటుంది. ఈసారి ఎడమ కింది బోల్టు దగ్గర అరచేయంత మేర శబ్దం మారింది. ఏప్రిల్ 15 నుంచి సముద్రంలో వేట నిషేధం మొదలైతే నరసాపురం మేస్త్రులంతా పెద్ద బోట్ల పనుల్లో పడతారు, జూన్ 14 దాకా చిన్నవాళ్లకి దొరకరు. అందుకే మార్చి మొదటి వారంలోనే ఇంజిన్ దించి ఆ బోల్టు విప్పిస్తున్నాను.